కట్ట మీద బొమ్మ, ఒడిలో చాట

ఈ ఏడు వార్షికోత్సవ సంచికకు వినియోగదారుల రక్షణ మీద ఒక వ్యాసం కావాలని సంపాదక వర్గం మిత్రులు మమ్మల్ని అడిగారు. రాత్రి మెస్ అయ్యాక గదిలో కూర్చుని జాబితా వేయడం మొదలుపెట్టాం. ఐఎస్ఐ గుర్తు లేని హీటర్ రాడ్లు, కల్తీ నూనె, నకిలీ పత్తి విత్తనాలు, తేదీ చెరిపేసి అమ్మే బిస్కెట్ ప్యాకెట్లు... ఒక పేజీ నిండింది. అప్పుడు కోరుట్ల తమ్ముడు ఒకడు, "అన్నా, గన్ని రాస్తున్నరు గని, మన ఇండ్లల్ల తయారయ్యే సరుకు పేరు ఎవ్వలు చెప్తలేరేంది?" అన్నాడు. అందరం నవ్వాం. తర్వాత కాసేపు ఎవరమూ మాట్లాడలేదు.

వాడు అన్నది బీడీ గురించి.

మేం జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి వచ్చిన వాళ్లం. మాలో చాలామంది తల్లులు బీడీలు చుడతారు. మా పదో తరగతి పరీక్ష ఫీజు ఆ పైసలే. ఈ హాస్టల్‌కు మోసుకొచ్చిన ట్రంకు పెట్టె ఆ పైసలే. అలాంటి బీడీని తప్పుపడుతూ రాయడమంటే తిన్నింటి వాసాలు లెక్కపెట్టినట్టే ఉంటుంది. కానీ బీడీని వదిలేసి హీటర్ రాడ్ గురించి ఎంత రాసినా అది సగం నిజమే అవుతుంది. అందుకే ఆ పేజీ పక్కన పెట్టి ఇది రాస్తున్నాం.

బీడీ ఎట్లా తయారవుతుందో మా జూనియర్లలో పట్నం పిల్లలకు తెలియకపోవచ్చు. వేసవిలో అడవి నుంచి తెచ్చిన తునికాకును కంపెనీ తూకం వేసి ఇస్తుంది. రాత్రి ఆకును నీళ్లలో తడిపి, తడిగుడ్డలో చుట్టి పెడతారు. పొద్దున లేచి రేకు ముక్క కొలతగా పెట్టి కత్తెరతో ఒక్కో ఆకు కత్తిరిస్తారు. తర్వాత చాట ఒడిలోకి వస్తుంది. ఆకులో చిటికెడు తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, కొస మడుస్తారు. వెయ్యి బీడీలు కావాలంటే ఈ పని వెయ్యిసార్లు చేయాలి. వంట మధ్యలో, పిల్లల ఏడుపు మధ్యలో, టీవీ సీరియల్ మధ్యలో వేళ్లు ఆగవు. సాయంత్రం కారఖానాలో లెక్క అప్పగిస్తే, బాగాలేవని కొన్ని పక్కకు తీసేస్తారు. తీసేసిన వాటికి కూలి ఉండదు, ఆకు తక్కువైతే మళ్లీ కొనుక్కోవాలి. ఇంత చేస్తే వెయ్యికి రెండు వందల పైచిలుకు రూపాయలు. అది కూడా రోజూ కాదు. మా వాడల్లో నెలకు పది, పదిహేను రోజులు పని దొరికితే ఆ నెల మంచి నెల కింద లెక్క.

తంబాకు దుమ్ముకు దగ్గు, వంగి కూర్చున్నందుకు మెడనొప్పి, నడుంనొప్పి. ఇవన్నీ మాకు జబ్బులని తెలియదు. అమ్మలందరూ ఇట్లాగే ఉంటారని అనుకునేవాళ్లం.

ఇది చుట్టేవాళ్ల సంగతి. తాగేవాళ్ల సంగతి ఇంకొకటి. మా ఊళ్లలో ఇప్పటికీ ఒక నమ్మకం ఉంది. సిగరెట్ అంటే కాగితం, మందులు కలిపిన పొగాకు. బీడీ అంటే అడవి ఆకు, అచ్చమైన తంబాకు, కాబట్టి దానితో అంత నష్టం లేదు అని. ఇది పూర్తిగా అబద్ధం. బీడీలో పొగాకు గ్రాములో అయిదో వంతు వరకే ఉంటుంది, సిగరెట్‌లో దానికి మూడు నాలుగింతలు ఉంటుంది. అయినా బీడీ పొగలో నికోటిన్, తారు, కార్బన్ మోనాక్సైడ్ మామూలు సిగరెట్ పొగ కంటే ఎక్కువేనని పరీక్షల్లో తేలింది. కారణం మనం గొప్పగా చెప్పుకునే ఆ తునికాకే. దానిలోంచి గాలి సరిగా పోదు. గట్టిగా, మళ్లీ మళ్లీ పీల్చకపోతే బీడీ ఆరిపోతుంది. కాబట్టి తాగేవాడు ఎక్కువసార్లు, ఎక్కువ లోతుకు పీలుస్తాడు. నోటి క్యాన్సర్, గొంతు క్యాన్సర్, ఊపిరితిత్తుల జబ్బు, గుండె జబ్బు – సిగరెట్‌కు ఏవి ఉన్నాయో బీడీకీ అవే ఉన్నాయి.

ఎవరు తాగుతున్నారు? 2016–17లో దేశమంతటా జరిగిన పెద్దల పొగాకు వాడకం సర్వే ప్రకారం పదిహేనేళ్లు దాటిన వాళ్లలో 7.7 శాతం మంది బీడీ తాగుతున్నారు. సిగరెట్ తాగేవాళ్లు 4 శాతం. అంటే మన దేశంలో పొగ అంటే ముందు బీడీయే. హమాలీ, రిక్షా కార్మికుడు, మేస్త్రీ, సాంచాల మీద రాత్రి డ్యూటీ చేసే మనిషి – వీళ్ల జేబుల్లో ఉండేది బీడీ కట్టే.

మాలో సిరిసిల్ల మిత్రుడి తండ్రి సాంచాల కార్మికుడు. రాత్రి డ్యూటీలో నిద్ర ఆపుకోవడానికి బీడీ పట్టిన మనిషి. గొంతు నొప్పి అని వేడినీళ్లు పుక్కిలిస్తూ ఆరు నెలలు గడిపాడు. హైదరాబాద్ పెద్దాసుపత్రికి పోయేటప్పటికి ఆలస్యమైంది. రోజుకు ఎన్ని తాగుతావని డాక్టరు అడిగితే ఆయనకు గొంతు రాలేదు, పక్కన నిలబడ్డ భార్య జవాబు చెప్పింది. ఆమె కూడా బీడీలు చుట్టే మనిషే. ఆయన పోయిన పదకొండు రోజులకు మళ్లీ చాట ఒడిలో పెట్టుకుంది. "ఏం జెయ్యాలె బిడ్డా, ఇంకో పని రాదాయె" అందట. మిత్రుడు ఈ విషయం రాయమన్నాడు, పేరు మాత్రం వద్దన్నాడు.

ఇప్పుడు ప్రభుత్వాలు ఏం చేశాయో చూద్దాం. 1975లో పార్లమెంటు సిగరెట్ల చట్టం చేసింది. సిగరెట్ పెట్టె మీద, ఇది ఆరోగ్యానికి హానికరం అని చట్టబద్ధమైన హెచ్చరిక వచ్చింది. ఆ చట్టం సిగరెట్లకే పరిమితం. బీడీ దాని కిందికి రాలేదు. బీడీని కూడా కలుపుకొని చట్టం రావడానికి 2003 దాకా పట్టింది. ఆ చట్టం ప్రకారం బొమ్మతో కూడిన హెచ్చరిక నిజంగా కట్ట మీదికి రావడానికి 2009 మే 31 దాకా పట్టింది. 1975 నుంచి 2009 వరకు లెక్క వేయండి. ముప్ఫై నాలుగేళ్లు. చదువుకున్న సిగరెట్ బాబుకు ముందే చెప్పారు. చదువురాని బీడీ కార్మికుడికి, బొమ్మ లేకపోతే అర్థం కాని వాడికి, ఒక తరం తర్వాత చెప్పారు. సిగరెట్ తాగేవాడి ప్రాణం ఒక ధర, బీడీ తాగేవాడి ప్రాణం ఇంకో ధరా అని మేం అడుగుతున్నాం.

ఆలస్యం ఎందుకైందో మా తల్లులకు బాగా తెలుసు, ఎందుకంటే ఆ ఆలస్యంలో వాళ్లను కూడా వాడుకున్నారు. 2003 చట్టంలో కట్ట మీద పుర్రె, ఎముకల గుర్తు వేయాలని ఉంది. ఆ నిబంధన అమలు చేస్తామనగానే మా జిల్లాలో పుర్రె గుర్తు ధర్నాలు మొదలయ్యాయి. పుర్రె బొమ్మ వేస్తే బీడీలు ఎవరూ కొనరు, కంపెనీలు మూతపడతాయి, లక్షల మంది ఆడవాళ్లు రోడ్డున పడతారు అన్నారు. చిన్నపిల్లలమైన మమ్మల్ని చంకలో ఎత్తుకుని ఆ ర్యాలీలకు పోయినట్టు మా అమ్మలు చెప్తారు. చివరకు 2007లో పార్లమెంటు చట్టాన్ని సవరించి పుర్రె గుర్తు తప్పనిసరి కాకుండా చేసింది. మా తల్లులు గెలిచామనుకున్నారు. ఆ గెలుపు తర్వాత వెయ్యి బీడీలకు కూలి ఏమైనా పెరిగిందా అంటే, పెరిగినట్టు మా ఇండ్లల్లో ఎవరికీ గుర్తు లేదు.

రెండోసారి 85 శాతం బొమ్మ గొడవ. పెట్టె మీద రెండు వైపులా 85 శాతం జాగాలో హెచ్చరిక ఉండాలని 2014 అక్టోబరులో కేంద్రం ప్రకటించింది. 2015 ఏప్రిల్ నుంచి అమలు కావలసింది వాయిదా పడింది. అప్పుడు ఈ విషయాన్ని పరిశీలిస్తున్న పార్లమెంటు కమిటీలో అలహాబాద్ ఎంపీ శ్యామా చరణ్ గుప్తా సభ్యుడు. ఆయన స్వయంగా పెద్ద బీడీ వ్యాపారి. బీడీలు తెగ తాగినా ఏ జబ్బూ రాని వాళ్లను చూపిస్తానని ఆయన పత్రికల వాళ్లతో వాదించాడు. సారా కాంట్రాక్టరును మద్యనిషేధ కమిటీలో కూర్చోబెడితే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది. ఎట్టకేలకు 2016 ఏప్రిల్ 1 నుంచి నిబంధన అమల్లోకి వచ్చింది. 2017 డిసెంబరులో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది, 2018 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పు మీద స్టే ఇచ్చింది.

2016 మాకు బాగా గుర్తుంది, అప్పటికి మేం హైస్కూలు పిల్లలం. కొన్ని రోజులు కారఖానాల నుంచి ఆకు, తంబాకు రాలేదు. బొమ్మ వేయమన్నది కంపెనీని. కంపెనీకి అచ్చు ఖర్చు తప్ప పోయేదేమీ లేదు. కానీ పని ఆపింది మా ఇండ్లల్లో. కిరాణా దుకాణంలో ఖాతా పెరిగింది మా ఇండ్లల్లో. ప్రతిసారీ ఇదే వరస. ప్రభుత్వం కంపెనీని ఒక మాట అంటే, కంపెనీ మా తల్లులను ముందు నిలబెట్టి వాళ్ల వెనక దాక్కుంటుంది.

పన్ను విషయం ఇంకా విచిత్రం. 2025 సెప్టెంబరు 3న జరిగిన జీఎస్టీ మండలి సమావేశం సిగరెట్, గుట్కాలను 40 శాతం పన్నులో పెట్టాలని నిర్ణయించింది. అదే సమావేశం బీడీ మీద పన్నును 28 నుంచి 18 శాతానికి తగ్గించాలని నిర్ణయించింది. బీడీ చుట్టే ఆకు మీద పన్ను 18 నుంచి 5కు తగ్గింది. మళ్లీ అదే కారణం, కార్మికుల ఉపాధి. సరే, ఒప్పుకుందాం. అయితే తగ్గిన ఆ పది శాతంలో వెయ్యికి ఒక్క రూపాయి అయినా కార్మికురాలికి ఇవ్వాలని ఎక్కడైనా రాశారా? రాయలేదు. ఉపాధి పేరు మీద ఇచ్చిన రాయితీ ఎవరి జేబులోకి పోతుందో చెప్పడానికి ఎంఏ చదవనక్కర్లేదు.

ఒకప్పుడు ఇట్లా లేదు. 1976లో వచ్చిన చట్టాల ప్రకారం బీడీల మీద సెస్సు వసూలు చేసి, ఆ డబ్బుతో బీడీ కార్మికులకు దవాఖానాలు, ఇండ్లు, పిల్లలకు స్కాలర్‌షిప్పులు ఇచ్చేవారు. ఈ హాస్టల్‌లో కూడా ఆ స్కాలర్‌షిప్పుతో చదివి పోయిన సీనియర్లు ఉన్నారు. సరుకు అమ్మితే అందులో కొంత ఆ సరుకు చేసిన చేతికి తిరిగి రావాలన్నది అందులోని న్యాయం. 2017 జూలైలో జీఎస్టీ రాగానే సెస్సు రద్దయింది. స్కాలర్‌షిప్పు పథకం ఉంది, కానీ అది బడ్జెట్‌లో ఎంత పెడితే అంత. బీడీకీ, బీడీ కార్మికురాలి బాగోగులకూ మధ్య ఉన్న ఆ ముడి తెగిపోయింది. మా దృష్టిలో పుర్రె బొమ్మ పోవడం కంటే ఈ ముడి పోవడం పెద్ద దెబ్బ. దాని మీద మాత్రం ఎవరూ ర్యాలీ తీయలేదు.

ఇంక దుకాణం దగ్గరికి వద్దాం. మొన్న సెలవులకు ఇండ్లకు పోయినప్పుడు మూడు ఊళ్లలోనూ మేం బీడీ కట్టలు కొని చూశాం. దుకాణాల వాళ్లు మమ్మల్ని వింతగా చూశారు, ఒకాయన "మీ బాపుకు చెప్పన్నా?" అని బెదిరించాడు కూడా. సిగరెట్ పెట్టె చదరంగా ఉంటుంది, బొమ్మ కనబడుతుంది. బీడీ కట్ట అట్లా కాదు, కింద సన్నగా, పైన వెడల్పుగా ఉంటుంది. దాని చుట్టూ పలచని కాగితం. బొమ్మ ఆ కాగితం మడతల్లో పడి సగం చెవి, సగం మెడ కనబడుతుంది. కొన్నింటి మీద రంగు అలుక్కుపోయి అది మనిషో, మబ్బో తెలియలేదు. పైగా చాలామంది కట్ట కొనరు, రెండు మూడు బీడీలు విడిగా అడుగుతారు. దుకాణదారు కట్ట విప్పి బీడీలను డబ్బాలో పోసి, కాగితం బయట పారేస్తాడు. ఇరవై ఏళ్లు కొట్లాడి తెచ్చిన హెచ్చరిక మోరీలో పడుతుంది. పద్దెనిమిదేళ్లు నిండని వాళ్లకు అమ్మవద్దని, బడికి వంద గజాల లోపల అమ్మవద్దని 2003 చట్టంలో ఉంది. మేం చదివిన బడి ఎదురుగా ఉన్న దుకాణానికి ఆ చట్టం సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఆ చట్టం ఏడో సెక్షన్‌లోనే నికోటిన్, తారు ఎంత ఉన్నాయో రాయాలని కూడా ఉంది. మేం చూసిన ఏ కట్ట మీదా ఆ అంకెలు లేవు. బిస్కెట్ ప్యాకెట్ మీద చక్కెర ఎంతో రాయాలి, బీడీ కట్ట మీద విషం ఎంతో రాయనక్కర్లేదు. 2014లో అమెరికాలో అక్కడి ఆహార, ఔషధ సంస్థ నాలుగు రకాల భారతీయ బీడీల అమ్మకాన్ని ఆపేసింది. సరుకు గురించి అడిగిన వివరాలను కంపెనీ సరిగా ఇవ్వలేదన్నదే కారణం. అమెరికావాడికి జవాబు చెప్పాల్సిన కంపెనీ మనకు ఎందుకు చెప్పదు?

ఇదంతా విని మా హాస్టల్‌లోనే కొందరు మిత్రులు కోప్పడ్డారు. "బీడీ బంద్ అయితే మీ అవ్వకు మీరు జీతమిస్తరా?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. మేం బీడీని రేపే నిషేధించమని అనడం లేదు. అంటే అబద్ధమాడినట్టు, ఎందుకంటే రేపు పొద్దున మా ఇండ్లల్లో పొయ్యి వెలగదు. కానీ మిత్రులు ఒక సంగతి గమనించాలి. ఏ కొత్త నిబంధనా లేని సంవత్సరాల్లో కూడా పని దినాలు తగ్గుతూనే ఉన్నాయి. మా చెల్లెళ్లు ఎవరూ ఈ పని నేర్చుకోవడం లేదు. 2015లో తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు నెలకు వెయ్యి రూపాయల భృతి మొదలుపెట్టింది, 2019లో దాన్ని 2016 రూపాయలకు పెంచింది. ఆ పైసలు మా ఇండ్లకు ఎంత ఆదుకున్నాయో మాకు తెలుసు, కాదనం. కానీ భృతి ఇవ్వడమంటే ఈ పనితో మనిషి బతకలేదని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు కదా. పీఎఫ్ నంబరు లేక అది కూడా రాని ఆడవాళ్లు ప్రతి వాడకూ ఉన్నారు.

2004లో మన దేశం ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు నియంత్రణ ఒప్పందాన్ని ఆమోదించింది. అందులో పదకొండో అధికరణం పెట్టెల మీద హెచ్చరికల గురించి. పదిహేడో అధికరణం పొగాకు పండించేవాళ్లకు, పొగాకు పనిచేసే కార్మికులకు బతుకుదెరువయ్యే వేరే పని చూపించాలని చెప్తుంది. పదకొండును పట్టుకుని 40 శాతం, 85 శాతం అని కోర్టుల దాకా పోయారు. పదిహేడు గురించి మా అమ్మలకు ఎవరైనా వచ్చి చెప్పారా? ఆ రెండింటినీ ఒకే కాగితం మీద రాసిన వాళ్లు పిచ్చివాళ్లేం కాదు. ఒకటి లేకుండా ఇంకొకటి నడవదని తెలిసే రాశారు.

సిరిసిల్ల పక్కన పెద్దూరులో అపెరల్ పార్కు పెట్టారు. బీడీలు చుట్టిన వేళ్లు మిషన్ మీద చొక్కా కుట్టగలవు, అనుమానం లేదు. కానీ పార్కుకు పోవాలంటే ఇల్లు విడిచి ఎనిమిది గంటలు ఉండాలి. నలభై అయిదేళ్లు దాటి, చూపు తగ్గిన మా అమ్మలను అక్కడ ఎవరు తీసుకుంటారు? వాళ్లకు ఇంటి దగ్గరే చేసుకునే పని కావాలి, నేర్చుకునే నెలల్లో కూలి కావాలి. జగిత్యాలకు, కోరుట్లకు అలాంటి పార్కు కూడా లేదు. ఇదంతా ఖర్చుతో కూడిన పనే. అందుకే మేం బీడీ మీద పన్ను సిగరెట్‌తో సమానం చేయమంటున్నాం. ఆ తేడా డబ్బును పాత సెస్సులాగా విడిగా పెట్టి, పీఎఫ్ ఉన్నా లేకున్నా బీడీలు చుట్టిన ప్రతి మనిషికీ కొత్త పని కోసం ఖర్చు చేయమంటున్నాం. నిబంధన వచ్చిందన్న సాకుతో కంపెనీ పని ఆపితే, ఆపిన రోజులకు కూలి కంపెనీయే కట్టాలని అదే చట్టంలో రాయమంటున్నాం. 1966 బీడీ కార్మికుల చట్టం 2025 నవంబరు 21 నుంచి కొత్త కార్మిక కోడ్‌లలో కలిసిపోయింది. కొత్తగా నియమాలు రాసే సమయం ఇదే కాబట్టి అడగాల్సింది కూడా ఇప్పుడే.

ఈ వ్యాసం అచ్చుకు ఇచ్చేముందు మాలో ఒకడు ఇంటికి పోయి వాళ్లమ్మకు చదివి వినిపించాడు. ఆమె చాట పక్కన పెట్టకుండానే విన్నది. అంతా అయ్యాక, "మంచిగనే రాసిండ్రు గని, కంపెనోళ్లు చదువుతె నా నంబరు తీసేస్తరేమో, నా పేరు పెట్టకుండ్రి" అన్నదట. పెట్టలేదు.

సమాచార హక్కు చట్టం కింద మేం రెండు దరఖాస్తులు రాశాం. గత అయిదేళ్లలో జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాల నుంచి బీడీల మీద వచ్చిన పన్ను ఎంత, అదే కాలంలో ఈ రెండు జిల్లాల బీడీ కార్మికుల వైద్యం, ఇండ్లు, స్కాలర్‌షిప్పుల మీద ఖర్చు చేసింది ఎంత అని అడిగాం. ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలని చట్టం చెప్తోంది. వస్తే దాన్ని మెస్ హాలు నోటీసు బోర్డు మీద అంటిస్తాం. రాకపోతే అప్పీలుకు పోతాం. ఆ కాగితాల జిరాక్స్ ఖర్చుకు తలా పది రూపాయలు ఇచ్చిన మూడో నంబరు గది తమ్ముళ్లకు బాకీ ఉన్నాం.